స్వెట్టర్ల అంగళ్ళ పిల్లలకు మా యువజన సంఘం ఏం చేయగలదు?

పెన్నహోబిలం | డిసెంబర్ 7, రాత్రి 9:50

అందరికీ నమస్తే. మాది అనంతపురం. మా కాలనీలో చిన్న యువజన సంఘం ఉంది, నలభై మంది మెంబర్లం. ఒక గది, రెండు ట్యూబ్‌లైట్లు, పాత పుస్తకాల బీరువా, బయట వాలీబాల్ కోర్టు. ఆస్తి అంతే.

ప్రతి చలికాలం లాగే ఈసారీ స్వెట్టర్ల అంగళ్ళు వచ్చినాయి. చిన్నప్పటి నుంచి మేము వాళ్ళని నేపాలోళ్ళు అనే అంటాం. నేపాలోళ్ళు కాదని, టిబెటన్లని ఈసారి తెలిసింది. కర్ణాటకలో ముండగోడు నుంచి వస్తారంట. ఒక అంగట్లో పంతొమ్మిదేళ్ళ పిల్లోడు ఉన్నాడు. పది రోజుల కింద మా కోర్టు దగ్గర నిలబడి చూస్తుంటే, మాకు ఒక మనిషి తక్కువై రమ్మన్నాం. వాడి సర్వీస్ ఎత్తేవాడు మా టీమ్‌లో లేడు. అప్పటి నుంచి సాయంత్రం గిరాకీ మొదలయ్యేలోపు రోజూ ఒక గంట ఆడిపోతాడు. తెలుగు బేరం మటుకే వస్తుంది: "కలర్ పోదు అక్కా", "ఐదు నూర్లకు రాదు", "లాస్ట్ రేట్". మాతో కన్నడంలో మాట్లాడతాడు. మాలో సగం మందికి కన్నడం వచ్చు కాబట్టి ఇబ్బంది లేదు.

వాడికి పదహారేళ్ళ చెల్లెలు ఉంది. హిమాచల్‌లో హాస్టల్ స్కూల్లో చదువుతుంది, చలి సెలవులకు అమ్మానాన్నల దగ్గరికి వచ్చింది. పక్క అంగళ్ళలో ఇంకో ముగ్గురు పిల్లలు. అందరూ లెక్కకు శరణార్థులు. పుట్టింది మాత్రం ఇక్కడే. వాళ్ళమ్మ పుట్టింది కూడా ఇక్కడేనంట.

జనవరి 12 యువజన దినోత్సవానికి చందాలు వేసుకుని ఏదో ఒకటి చేస్తుంటాం. ఈసారి ఈ పిల్లల్ని స్టేజి మీదికి పిలిచి శాలువా కప్పి, "శరణార్థి యువతకు అండగా" అని ఒక కార్యక్రమం పెడదామని అనుకున్నాం. ఫ్లెక్సీ డిజైన్ కూడా అయింది. అయితే శాలువా కప్పిన మరుసటి రోజు ఏం చేయాలో మాలో ఎవరికీ తెలీదు. ఇలాంటి పని చేసినవాళ్ళు ఉంటే చెప్పండి.

ఉగ్గాని_బజ్జి | డిసెంబర్ 7, రాత్రి 10:05

స్వెట్టర్లు అమ్మేవాడికి శాలువా కప్పేది మీ ఊళ్ళోనే చూస్తున్నా అన్నా 😄

హంద్రీ_ఒడ్డు | డిసెంబర్ 7, రాత్రి 10:31

ఏమప్పా, మన పిల్లోళ్ళకే దిక్కు లేదు. కోసిగి, ఆదోని పక్క పల్లెలకు ఒకసారి వచ్చి చూడు. సంక్రాంతి కాకముందే ఇంటికి తాళం వేసి మిరపకాయలు కోసేదానికి గుంటూరు పోతారు. పిల్లోళ్ళని కూడా ఎక్కించుకుని పోతారు. తిరిగి వచ్చేసరికి పరీక్షలు అయిపోయింటాయి. సీజనల్ హాస్టళ్ళు అంటారు, అవి ఎన్ని దినాలు నడుస్తాయో, ఎంతమంది ఉంటారో మాకు తెలుసు. మొదట వాళ్ళ సంగతి చూడు, టిబెట్ సంగతి తర్వాత చూద్దువు.

తిట్టడం లేదు. మంట ఉంది కాబట్టి చెప్తున్నా.

పెన్నహోబిలం | డిసెంబర్ 7, రాత్రి 10:44

నువ్వు చెప్పేది అబద్ధం కాదన్నా. కానీ కోసిగి పిల్లోళ్ళు మా కోర్టు దగ్గరికి రారు, వీళ్ళు వస్తున్నారు. కండ్ల ముందర ఉన్నోళ్ళకు ఏం చేయాలని అడుగుతున్నా, అంతే.

రాయచోటి_నుంచి_కువైట్ | డిసెంబర్ 8, ఉదయం 6:20

మా నాయన సంగతి చెప్తా. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు నాయన అక్కడ ఒక సేఠ్ ఇంట్లో డ్రైవర్. మా పక్క నుంచి పోయినోళ్ళు అప్పటికే వేలల్లో ఉన్నారు. జీతం డబ్బులు లేవు, పాస్‌పోర్టు సేఠ్ దగ్గర ఉండిపోయింది. బాగ్దాద్ మీదుగా బస్సుల్లో జోర్డాన్ సరిహద్దుకు వచ్చి, ఎడారిలో గుడారాల్లో పడినారు. తరువాత అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానాలు. రెండు నెలల్లో 1,70,000 మందికి పైగా మనోళ్ళని తెచ్చినారు కదా, ఆ లెక్కలో మా నాయన ఒకడు.

గుడారంలో ఉన్న రోజుల గురించి నాయన ఎప్పుడూ ఒకటే చెప్తాడు. రొట్టె, నీళ్ళు ఎవరో ఒకరు ఇచ్చేవాళ్ళంట. పక్క గుడారంలో ఒక ఈజిప్టు కుర్రోడు రోజూ పొద్దున వచ్చి "ఈ రోజు పేర్ల లిస్టు ఎక్కడ పెట్టినారు" అని ఇంగ్లీషు బోర్డు చదివి పెట్టేవాడంట. రొట్టె ఎవరిచ్చినారో నాయనకు గుర్తు లేదు. లిస్టు చదివినోడి పేరు మాత్రం ఈ రోజుకూ చెప్తాడు.

మీరు శాలువాలు మానుకుని, లిస్టు చదివేవాడు ఎవడో చూసుకోండి.

బురుజు_పక్క_వకీలు | డిసెంబర్ 8, ఉదయం 11:15

కర్నూలు నుంచి రాస్తున్నాను. చట్టం సంగతి నాలుగు ముక్కలు చెప్పేస్తాను, ఎందుకంటే ఇలాంటి పనిలో మొదటి టెన్షన్ "పోలీసులు ఏమైనా అంటారా" అనే.

మన దేశం 1951 నాటి ఐక్యరాజ్యసమితి శరణార్థుల ఒప్పందం మీద సంతకం పెట్టలేదు. 1946 నాటి విదేశీయుల చట్టం తీసేసి 2025లో కొత్త చట్టం తెచ్చారు. శరణార్థి అన్న మాటకు అందులోనూ నిర్వచనం లేదు. కాబట్టి ఒక్కో గుంపుకు ఒక్కో పద్ధతి. టిబెటన్లకు ప్రభుత్వం ఇచ్చే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉంటుంది, వాళ్ళు ఆర్‌సీ అంటారు (బండి ఆర్‌సీ కాదు బాబూ). దాన్ని ఎప్పటికప్పుడు రెన్యువల్ చేయించుకోవాలి. విదేశాలకు పోవాలంటే పాస్‌పోర్టు బదులు పసుపు అట్ట పుస్తకం ఇస్తారు. శ్రీలంక తమిళులకు తమిళనాడు శిబిరాల్లో వేరే పద్ధతి. ఐక్యరాజ్యసమితి కార్డు మీద బతికే రోహింగ్యాలది, ఆఫ్ఘన్లది ఇంకో కథ. అందరినీ ఒకే మాటతో కట్టేయొద్దు.

ప్రాణానికి, స్వేచ్ఛకు రక్షణ ఇచ్చే ఆర్టికల్ 21 పౌరులకే కాదు, ఈ గడ్డ మీద ఉన్న మనిషి ఎవరికైనా వర్తిస్తుందని చక్మా శరణార్థుల కేసులో 1996లోనే సుప్రీంకోర్టు చెప్పింది. వాలీబాల్ ఆడించడానికి, చదువు చెప్పడానికి మీకు ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. మీరు చేయకూడనివి మాత్రం రెండున్నాయి. ఆ పిల్లల కాగితాల జిరాక్సులు మీ బీరువాలో పెట్టుకోవద్దు. మొహాలు కనిపించే ఫొటోలు ఇన్‌స్టాలో పెట్టొద్దు.

ఇంకొకటి. తల్లి ఇక్కడే పుట్టిందన్నారు. ఎప్పుడు? 1950 జనవరి 26 నుంచి 1987 జూలై 1 లోపు భారతదేశంలో పుట్టినవాళ్ళు పుట్టుకతోనే పౌరులు. టిబెటన్లకూ ఇది వర్తిస్తుందని 2010లో ఢిల్లీ హైకోర్టు ఒక టిబెటన్ మహిళ కేసులో తేల్చింది. ఆ లెక్కన తల్లి పౌరురాలైతే పిల్లల పరిస్థితి కూడా మారవచ్చు. కానీ మీరు ఆ విషయం వాళ్ళ ముందు ఎత్తకండి. పౌరసత్వం తీసుకుంటే సెటిల్‌మెంట్‌లో (ముండగోడు లాంటి టిబెటన్ల కాలనీలో) ఇల్లు పోతుందేమో అనే భయం ఉంటుంది. టిబెట్‌కు తిరిగి పోతాం అన్న మాట వదులుకున్నట్టు అవుతుందని బాధపడేవాళ్ళూ ఉంటారు. వాళ్ళంతట వాళ్ళు అడిగితే నా నంబర్ మెసేజ్‌లో ఇస్తాను. ఫీజు లేదు.

హంద్రీ_ఒడ్డు | డిసెంబర్ 8, మధ్యాహ్నం 12:02

వకీలు సార్, చట్టం సరే. వాళ్ళు మనకు ఏం చేసినారని?

మాజీ_సైనిక_కడప | డిసెంబర్ 8, మధ్యాహ్నం 1:30

1962 చైనా యుద్ధం రోజుల్లో టిబెటన్ యువకులతో ఒక దళం కట్టారు, స్పెషల్ ఫ్రంటియర్ ఫోర్స్. 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో చిట్టగాంగ్ కొండల్లో మన వైపు పోరాడి చచ్చిపోయినవాళ్ళు ఉన్నారు అందులో. లెక్క అడిగినావు కాబట్టి చెప్పినా. అడగకుండా ఉంటే ఇంకా బాగుండు.

సంగమేశ్వరం_ముంపు | డిసెంబర్ 8, రాత్రి 8:48

హంద్రీ అన్నా, నీ మంట నాకు తెలుసు. నాది అంతకంటే పాతది.

శ్రీశైలం డ్యామ్ నీళ్ళ కింద మా తాత ఇల్లు ఉంది. 1981లో ఖాళీ చేయించినారు. ఎండాకాలం నీళ్ళు తగ్గితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, టీవీ వాళ్ళు వచ్చి చూపిస్తారు. దాని చుట్టుపక్కల ఊర్లున్నాయని ఎవరూ చూపించరు. ముంపు కుటుంబానికి ఒక ఉద్యోగం అని 1986లో 98 జీవో ఇచ్చినారు. మా నాయన ఆ కాగితం పట్టుకుని కలెక్టరాఫీసు చుట్టూ తిరిగి తిరిగి వయసు దాటిపోయినాడు. నేను నందికొట్కూరులో సెల్‌ఫోన్లు రిపేరు చేస్తా.

అట్లాంటోణ్ణి నేను చెప్తున్నా, మావోళ్ళకు చేయలేదు కాబట్టి వాళ్ళకు చేయొద్దు అనేది నాకు ఎక్కదు. మాకు చేయని మనిషి వేరే, ఇప్పుడు చేస్తానని అడిగిన మనిషి వేరే. ఆ పెన్నహోబిలం అన్న నాకేం బాకీ లేడు.

నాకు గుర్తున్నది ఒకటుంది. పునరావాస కాలనీ నుంచి బడికి పోతే సార్ హాజరు పట్టీలో మా పేర్ల పక్కన పెన్సిల్‌తో 'ము' అని రాసుకునేవాడు. ముంపు అని. స్కాలర్‌షిప్ కోసమే రాసుకున్నాడు పాపం, మంచికే. కానీ పిల్లోళ్ళు చూసినారు. పదో తరగతి అయ్యేదాకా నా పేరు ముంపోడు. మీ ఫ్లెక్సీ మీద ఏం రాసినారో ఒకసారి చూసుకో అన్నా.

కేసీ_కెనాల్_అమ్మాయి | డిసెంబర్ 9, తెల్లవారుజామున 2:10

పైన చెప్పిన 'ము' చదివి లేచి కూర్చున్నాను. మాది కర్నూలు, ఎనిమిదేళ్ళుగా జర్మనీలో ఉన్నాను, యువజన సేవల్లోనే ఉద్యోగం. అక్కడ 12 నుంచి 27 ఏళ్ళ వలస, శరణార్థి యువత కోసం ప్రత్యేకంగా కేంద్రాలు ఉంటాయి. జర్మన్ పేరు రాస్తే ఈ పోస్టు నిండిపోతుంది, పొట్టిగా జేఎండీ అంటారు. ఒంటరిగా వచ్చిన మైనర్లయితే ముందు ఊరి యువజన సంక్షేమ కార్యాలయం తన దగ్గర పెట్టుకుంటుంది, కోర్టు ద్వారా ఒక సంరక్షకుణ్ణి నియమిస్తారు. 2015లో సిరియా, ఆఫ్ఘనిస్తాన్ పిల్లలు పెద్ద ఎత్తున వచ్చినప్పుడు ఈ ఏర్పాటు మీదే భారం పడింది.

బయటివాళ్ళు మేము పెద్ద పెద్ద పనులు చేస్తామనుకుంటారు. నా రోజు ఎలా గడుస్తుందో చెప్తాను. పిల్లవాడు సంచీ నిండా ఉత్తరాలు తెచ్చి బల్ల మీద కుమ్మరిస్తాడు. ఫోన్ కంపెనీ బిల్లు, స్కూలు నోటీసు, డాక్టర్ అపాయింట్‌మెంట్, ప్రకటనలు. వాటి మధ్యలో ఒక పసుపు కవరు. ఆశ్రయం దరఖాస్తు మీద నిర్ణయం ఆ పసుపు కవరులో వస్తుంది. పోస్ట్‌మ్యాన్ కవరు మీద చేత్తో తేదీ వేస్తాడు, ఆ రోజు నుంచి కోర్టుకు వెళ్ళడానికి వారమో రెండు వారాలో గడువు. పిల్లలు ఉత్తరం దాచుకుని కవరు పారేస్తారు. మేము కొత్త పిల్లలకు అందరికంటే ముందు నేర్పేది జర్మన్ కాదు, "పసుపు కవరు చించి పారేయొద్దు" అని. ఒక కుర్రాడు నాలుగు నెలలు నా దగ్గరికి వచ్చింది కేవలం ఉత్తరాలు వేరు చేయించుకోవడానికే. ఐదో నెలలో ఒకరోజు అమ్మ గురించి మాట్లాడాడు. నేను అడగలేదు.

పని చేస్తూ నేర్చుకున్నవి కొన్ని చెప్తాను, వరస ఉండదు క్షమించండి.

కేంద్రం తలుపు తీసి పెడితే మగపిల్లలే వస్తారు. టేబుల్ టెన్నిస్ బల్ల చుట్టూ వాళ్ళే. ఆడపిల్లల కోసం వేరే టైము పెట్టి, ఆ టైములో ఒక ఆడమనిషి ఖచ్చితంగా ఉంటే తప్ప రారు. మీ ఊరికీ ఇది వర్తిస్తుందనుకుంటా.

18 ఏళ్ళు నిండిన రోజు పెద్ద గండం. అంతవరకు బాలుడు, మరుసటి రోజు పెద్దవాడు. అక్కడ 21 వరకు, అవసరమైతే ఆ తర్వాత కూడా సాయం కొనసాగించే వీలు చట్టంలో ఉంది, కానీ అడిగి పోరాడి తెచ్చుకోవాలి.

వచ్చే మనిషి మారకూడదు. వారానికి ఒక గంటైనా సరే, అదే మనిషి, అదే గంట. పదిమంది వాలంటీర్లు తలా ఒక రోజు వచ్చి వెళ్ళడం కంటే అది మేలు. ఈ పిల్లల జీవితంలో మనుషులు మారిపోవడం ఇప్పటికే ఎక్కువైంది.

ఇంకా ఒకటి, ముఖ్యమైనది: "నీ కథ చెప్పు" అనకండి. అధికారుల ముందు చెప్పీ చెప్పీ విసిగిపోయి ఉంటారు.

ప్రొద్దుటూరు_టీచర్ | డిసెంబర్ 9, ఉదయం 7:40

అమ్మాయి చెప్పిన చివరి మాటకు నా ఓటు. హైదరాబాద్ బాలాపూర్ పక్క రోహింగ్యా పిల్లలకు రెండేళ్ళు సాయంత్రం చదువు చెప్పాను. ఎవరో ఒకరు కెమెరా పట్టుకుని వచ్చేవారు, పడవలో ఎలా వచ్చావు అని పదేళ్ళ పిల్లను అడిగేవారు. కొన్నాళ్ళకు ఆ పిల్లలు అడగకముందే చెప్పడం మొదలుపెట్టారు, పద్యం అప్పజెప్పినట్టు. అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

బడి విషయానికొస్తే, 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ ప్రతి పిల్లకూ అంటుంది, పౌరుల పిల్లలు అనదు. వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకుని, వెనకబడిన చదువుకు ప్రత్యేక శిక్షణ ఇవ్వమంటుంది. ఒకసారి పద్నాలుగేళ్ళ పిల్లవాణ్ణి రెండో తరగతిలో కూర్చోబెట్టారు. మీసాలు వస్తున్నాయి వాడికి. వారం తిరక్కుండానే మానేశాడు. 2025 ఫిబ్రవరిలో రోహింగ్యా పిల్లల అడ్మిషన్ల కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. ముందు బడికి వెళ్ళి అడగండి, కాదంటే హైకోర్టుకు వెళ్ళండి అని చెప్పింది. అంటే బడి దాకా ఎవరో ఒకరు తోడు వెళ్ళాలి. కాగితం పట్టుకుని హెడ్మాస్టర్ గదిలోకి వెళ్ళే ధైర్యం ఆ తల్లులకు ఎక్కడిది?

14 దాటినవాళ్ళకు ఓపెన్ స్కూలు దారి. పై చదువులకు ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ వాళ్ళ డాఫీ స్కాలర్‌షిప్ ఉంది, జర్మనీ డబ్బుతో 1992 నుంచి నడుస్తోంది. టిబెటన్లకు మాత్రం ధర్మశాలలోని వాళ్ళ ప్రవాస ప్రభుత్వ విద్యాశాఖే స్కాలర్‌షిప్పులు ఇస్తుంది. వీళ్ళ ఏర్పాట్లు మిగతా వాళ్ళకంటే ఎంతో నయం. 1960 నుంచే సొంత బడులు కట్టుకున్నారు. కాబట్టి మీ స్వెట్టర్ల పిల్లలకు బడి కావాలేమో అని ఊహించుకోకండి. ఏం కావాలో అడగండి.

పుట్టినరోజుల సంగతి ఒకటి చెప్పి ముగిస్తా. నా క్లాసులో పదకొండు మందికి కాగితాల మీద పుట్టినరోజు జనవరి 1. ఆ రోజు ఒకే కేకు కోస్తే అందరూ తలా ఒక చెయ్యి వేసి కత్తి పట్టుకున్నారు.

ఉగ్గాని_బజ్జి | డిసెంబర్ 9, ఉదయం 8:02

మా నాయనది జూలై 1. హెడ్మాస్టర్ పెట్టినాడు. మా పెద్దనాయనది, మేనమామది కూడా జూలై 1.

గుంతకల్లు_జంక్షన్ | డిసెంబర్ 9, రాత్రి 9:20

నేను పిల్లల కౌన్సెలర్‌ని. గుంతకల్లు లాంటి జంక్షన్‌లో ఏ భాష పిల్లలు దొరుకుతారో చెప్పలేం. ఎవరి పిల్లలైనా, ఏ దేశం వాళ్ళయినా, పద్దెనిమిది లోపు వయసులో ఒంటరిగా కనిపిస్తే 1098కి ఫోన్ చేయండి. 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందు పెట్టాలి. 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో సంరక్షణ అవసరమైన పిల్లల జాబితా ఉంది. యుద్ధం వల్ల, అల్లర్ల వల్ల, ప్రకృతి విపత్తు వల్ల దెబ్బతిన్న పిల్లలూ అందులో ఉన్నారు. మన దగ్గర కూడా 18 నిండి సంస్థ నుంచి బయటికి వచ్చినవాళ్ళకు 21 వరకు ఆఫ్టర్‌కేర్ అని ఉంది. ఎంతమందికి తెలుసు?

మా పనిలో మాటలు రాని పిల్లలతో మొదటి రోజు చేసేది ఏమిటంటే, పక్కన కూర్చుని ఏదో ఒక పని చేయడం. నేను వేరుశనక్కాయలు ఒలుస్తాను. కాసేపటికి వాళ్ళూ ఒలుస్తారు. ఒక పిల్ల నేపాల్ సరిహద్దు నుంచి తప్పిపోయి వచ్చింది, అర కిలో కాయలు ఒలిచినాక తన పేరు చెప్పింది.

ఒక హెచ్చరిక కూడా. మీ గదికి పిల్లలు వస్తున్నారంటే, ఒక పెద్దమనిషి ఒక పిల్లతో మూసిన తలుపు వెనక ఎప్పుడూ ఉండకూడదు. ఎంత మంచివాళ్ళయినా సరే. ఈ నియమం గోడ మీద రాసి పెట్టుకోండి.

పెన్నహోబిలం | డిసెంబర్ 12, రాత్రి 11:30

తప్పు జరిగింది. చెప్పుకోవాలి.

మీరందరూ చెప్పేలోపే ఫ్లెక్సీ ప్రింట్ అయిపోయింది. మావోడు ఒకడు ఉత్సాహంగా తెచ్చి కోర్టు పక్క గోడకు ఆనించి పెట్టినాడు. తెలుగులో పెద్ద అక్షరాలతో శరణార్థి యువత అని, పక్కన వాలీబాల్ ఆడేటప్పుడు తీసిన ఆ పిల్లోడి ఫొటో. కింద మా ఐదుగురి ఫొటోలు, చేతులు జోడించి. వాడికి తెలుగు చదవడం రాదు. ఎవరో చదివి చెప్పినారు.

బుధవారం ఆటకు రాలేదు. గురువారం రాలేదు. అంగడికి పోతే వాళ్ళమ్మ నవ్వుతూనే మాట్లాడింది, వాడు లోపల సరుకు సర్దుతా ఉన్నాడు, తల ఎత్తలేదు. పక్కన ఒకామె స్వెట్టర్ బేరం చేస్తూ "అయ్యో, మీరు శరణార్థులా, చూస్తే అట్ల కనపడరే, రెండు నూర్లు తగ్గించుకో మరి" అని అంటా ఉంది. ఆ మాటలో లాజిక్ ఏందో నాకు అర్థం కాలేదు, కానీ ఆ మాట మా ఫ్లెక్సీ నుంచే వచ్చింది.

రాత్రికి ఫ్లెక్సీ తీసేసినాం. సంగమేశ్వరం తమ్ముడూ, నువ్వు ముందే చెప్పినావు. నేనే ఆలస్యం చేసినా.

సంగమేశ్వరం_ముంపు | డిసెంబర్ 12, రాత్రి 11:41

తీసేసిన ఫ్లెక్సీ ఏం చేసినావన్నా?

పెన్నహోబిలం | డిసెంబర్ 12, రాత్రి 11:43

తిరగేసి గది పైకప్పు మీద కప్పినాం. రేకుల సందుల్లో చలిగాలి వస్తుంటే.

తుంగభద్ర_2009 | డిసెంబర్ 13, ఉదయం 9:00

పోయి నేరుగా మాట్లాడు. 2009 అక్టోబర్‌లో కర్నూలు మునిగినప్పుడు మేము నాలుగు రోజులు ఒక స్కూల్లో ఉన్నాం. మా నాన్న బట్టల వ్యాపారి. అరటిపండు ఇస్తూ ఫొటో తీసుకున్నోళ్ళ మీద ఆయనకు ఈ రోజుకూ కోపం. కానీ అదే రోజు సాయంత్రం అందులో ఒకాయన తిరిగి వచ్చి, మా షాపులో బురద ఎత్తడానికి పార తెచ్చుకుని నిలబడినాడు. ఇప్పుడు ఆయన మా ఇంటి పెళ్ళిళ్ళకు వస్తాడు.

అనంత_లాంగ్‌ఆన్ | డిసెంబర్ 13, ఉదయం 10:26

మన ఊరికి ఇది కొత్తేం కాదు. ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) సేవా సంస్థ పెట్టిన ఫెర్రర్ గారు 1939లో స్పెయిన్ అంతర్యుద్ధంలో ఓడిపోయిన పక్షాన సరిహద్దు దాటి, ఫ్రాన్స్‌లో సముద్రపు ఒడ్డున ముళ్ళకంచె శిబిరంలో ఉన్న మనిషి. 1968లో ఇండియా నుంచి కూడా పంపించేశారు. 1969లో తిరిగి అనంతపురం వచ్చినాడు. నేను చిన్నప్పుడు ఆర్డీటీ గ్రౌండ్లో బంతులు ఏరేవాణ్ణి. అక్కడే నాదల్ ఫౌండేషన్ 2010లో టెన్నిస్ బడి పెట్టింది, ఆటతో పాటు ఇంగ్లీషు, కంప్యూటరు కూడా నేర్పుతారు. ఆట పిలుపు మాత్రమే, తర్వాత బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. అది చూసి నేర్చుకోండి.

శరణార్థులకంటూ ఒలింపిక్స్‌లో జట్టు 2016 రియోలో మొదలైంది, పది మందితో. మొదటి పతకం రావడానికి 2024 పారిస్ దాకా పట్టింది, బాక్సింగ్‌లో సిండీ ఎన్‌గాంబా, కాంస్యం. మీ పిల్లోడి సర్వీస్ అంత బాగుంటే జిల్లా టోర్నీలో దించండి.

పెన్నహోబిలం | డిసెంబర్ 16, రాత్రి 10:15

ఆదివారం పొద్దున అంగడికి పోయినా. మాటలు ఏం చెప్పాలో తెలీక, షట్టర్ లేదు కదా వాళ్ళకు, టార్పాలిన్ తాళ్ళు విప్పుతుంటే నేనూ ఒక పక్క విప్పినా. తర్వాత కన్నడంలో "తప్పాయ్తు" అన్నా. వాడు ఏమన్నాడంటే, ఫొటో గురించి బాధ లేదంట. "కింద మీ ఫొటోలు ఐదు, అందరి పేర్లూ ఉన్నాయి. నా ఫొటో కింద పేరు లేదు" అన్నాడు.

నిజం. మాకెవరికీ వాడి పూర్తి పేరు తెలీదు. పదిహేను రోజులు "రేయ్ సర్వీస్" అని పిలిచినాం.

తర్వాత టీ తాగుతూ అడిగినా, ఏం కావాలి అని. స్టేజి వద్దన్నాడు. వాడికి ఏమీ అక్కర్లేదంట, అంగడి, ఆట చాలు. బెంగళూరు దగ్గర దలైలామా పేరు మీద ఉన్న కాలేజీలో చేరదామని ఉంది, అది వాడే చూసుకుంటాడంట. చెల్లెలికి మాత్రం బల్ల కావాలన్నాడు. అద్దెకు తీసుకున్న గదిలో ఏడుగురు, రాత్రి పదిన్నరకు సరుకు మూటలు కూడా లోపలికి వస్తాయి, ఆ పిల్ల మూటల మీద కూర్చుని చదువుతుంది. పదో తరగతి, ఫిబ్రవరిలో బోర్డు పరీక్షలు. లెక్కలు కష్టంగా ఉన్నాయంట.

గది తాళం ఇప్పుడు మా పిన్నమ్మ దగ్గర ఉంది, ఆమె అంగన్‌వాడీలో పని చేస్తుంది. సోమవారం నుంచి శనివారం వరకు, సాయంత్రం ఐదు నుంచి ఏడు, ఆడపిల్లలకు మాత్రమే. తలుపు తీసే ఉంటుంది (గుంతకల్లు మేడమ్ గారి రూలు చాక్‌పీస్‌తో గోడ మీద రాసినాం). కాలనీ అమ్మాయిలు ఇంతకాలం ఒక్కరూ ఆ గదిలోకి రాలేదు, మేము రానివ్వలేదనే అనాలి. ఈ రెండు రోజుల్లో నలుగురు వచ్చినారు. మా బీటెక్ అమ్మాయి ఒకామె లెక్కలు చెప్తుంది, ఆ పిల్ల మా వాళ్ళకు ఇంగ్లీషు గ్రామర్ దిద్దుతుంది. మా పిన్నమ్మ వేరుశనక్కాయలు తెచ్చి పెట్టింది.

కేసీ_కెనాల్_అమ్మాయి | డిసెంబర్ 16, రాత్రి 11:58

బీటెక్ అమ్మాయి ఫిబ్రవరి దాకా ఉంటుందా? మధ్యలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతుందా? ముందే ఆ పిల్లకు చెప్పండి. ఎన్ని రోజులు ఉంటారో నిజం చెప్తే చాలు, నొచ్చుకోరు. చెప్పకుండా మాయమైతేనే.

పెన్నహోబిలం | డిసెంబర్ 17, ఉదయం 7:12

అడిగినా. జనవరి 20 వరకే అంది. ఆ పిల్ల తిరుగు ప్రయాణం 18న. సరిపోయింది. తర్వాత ఫోన్లో చెప్తానంది, అది ఎంతవరకు జరుగుతుందో చూడాలి.

ఇంకో సమస్య. టోర్నీలో మా వాడి పేరు ఇస్తే స్థానికుడని రుజువు అడుగుతున్నారు. వాడి ఆధార్ ముండగోడు అడ్రస్.

బురుజు_పక్క_వకీలు | డిసెంబర్ 17, ఉదయం 10:40

టోర్నీ రూల్స్ కాగితం పంపండి, చూస్తాను. జిల్లా అసోసియేషన్ టోర్నీ అయితే కష్టం, కర్ణాటక నుంచి వచ్చిన మన తెలుగువాడికైనా అదే రూలు. ఊరి సంక్రాంతి టోర్నీలకు ఎవరూ అడగరు, ముందు అందులో దించండి.

హంద్రీ_ఒడ్డు | డిసెంబర్ 17, మధ్యాహ్నం 1:15

మా ఊళ్ళో సంక్రాంతికి వాలీబాల్ పెడతాం. ఆదోని దగ్గర. మొదటి ప్రైజు పొట్టేలు. మీ టీమ్ రాండి. ఆధార్ అడగం.

గుంటూరు పోకుండా మిగిలిన పిల్లోళ్ళతో టీమ్ కడుతున్నాం ఈసారి. ఆరుగురు దొరకడం కష్టంగా ఉంది. మీ కాడ ఎక్కువ మంది ఉంటే ఒకరిద్దరిని మాకివ్వండి.

పెన్నహోబిలం | డిసెంబర్ 17, మధ్యాహ్నం 1:22

వస్తాం అన్నా. పండగ దినాల్లో అంగడి గిరాకీ ఎక్కువంట, వాళ్ళమ్మను మా పిన్నమ్మ అడిగి ఒప్పించాలి. పొట్టేలు మాత్రం రెడీగా పెట్టుకో.

ఉగ్గాని_బజ్జి | డిసెంబర్ 17, మధ్యాహ్నం 1:40

అన్నా అంతా బాగుంది గానీ, మా అవ్వకు ఒక స్వెట్టర్ కావాల. మెరూన్ కలర్. ఎంతకిస్తాడు?

పెన్నహోబిలం | డిసెంబర్ 17, మధ్యాహ్నం 1:44

ఆరు నూర్లు. నా పేరు చెప్పినా తగ్గించడు, చెప్పి చూసినా.